కొండలో ఏముందో ఊరికి చెప్పేదెవరు?

కుప్పం: ఈ ప్రాంతపు ప్రజలకు రాయి కొత్త కాదు. కుప్పం గ్రీన్ అనే పేరుతో ఇక్కడి గ్రానైట్ దేశదేశాలకు వెళ్లింది. గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం గ్రామాల వారికి బంగారు గని కూడా కొత్త కాదు. అయితే రాతి లోపల ఏముందో, దాన్ని ఎవరు వచ్చి చూసిపోయారో, చూసినవారు ఏమని రాసుకున్నారో మాత్రం ఆ రాతి మీద కాపురం ఉన్నవారికి ఎప్పుడూ ఆలస్యంగానే తెలుస్తూ వచ్చింది. కీలక ఖనిజాల పేరుతో దేశమంతటా కొండలూ గుట్టలూ గాలిస్తున్న ఈ తరుణంలో ఈ పాత అలవాటు ఇక కొనసాగడం ఎంతమాత్రం తగదు.

ఆ కీలక ఖనిజాలలో ఒకటి టంగ్‌స్టన్. పేరు వినగానే ఎక్కడిదో అనిపిస్తుంది గాని ఈ లోహం ఎరుగని రైతు కుప్పం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాలలో లేడనే చెప్పాలి. బోరు బండి వచ్చి పొలంలో నిలబడినప్పుడు, కడ్డీ చివర బిగించే బిట్టును చూడని వారెవరు? ఆ బిట్టు ముఖాన గుండ్రటి బొడిపెలు ఉంటాయి. నల్లరాతిని పిండి చేసేది ఇనుము కాదు, ఆ బొడిపెలే. టంగ్‌స్టన్‌ను కర్బనంతో కలిపి కాల్చి తయారుచేసిన టంగ్‌స్టన్ కార్బైడ్ అనే పదార్థంతో వాటిని చేస్తారు. వెయ్యి అడుగులు దాటినా నీటి చెమ్మ తగలని బోర్లకు అప్పులు చేసి డబ్బు పోసిన రైతు, తెలియకుండానే టంగ్‌స్టన్ అరుగుదలకు కూడా డబ్బు కట్టాడు.

పాత పసుపు బల్బులో వెలిగే సన్నటి తీగ కూడా ఇదే. లోహాలన్నింటిలోకీ కరగడానికి ఎక్కువ వేడి కావలసినది ఇది. ఇనుము 1,538 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. టంగ్‌స్టన్‌కు 3,422 డిగ్రీలు కావాలి. ఫిరంగి గుండ్లకు, విమానాల ఇంజన్లకు, యంత్రాల పనిముట్లకు ఇది లేనిదే పని జరగదు. బరువులో బంగారానికి ఇంచుమించు సమానం. ఆ కారణం చేత బంగారు కడ్డీల లోపల దీన్ని దూర్చి మోసం చేసిన దొంగలు కూడా విదేశాలలో పట్టుబడ్డారు. దొంగల తెలివి అలా ఉంచితే, ప్రపంచంలో తవ్వి తీసే టంగ్‌స్టన్‌లో సుమారు ఐదింట నాలుగు వంతులు ఒక్క చైనాదే. 2025 ఫిబ్రవరిలో చైనా ఈ లోహం ఎగుమతులపై ఆంక్షలు పెట్టింది. అవసరంలో దాదాపు అంతా బయటినుంచే తెచ్చుకునే భారతదేశానికి ఇది చిన్న చిక్కు కాదు. దేశంలో ఎక్కడ దొరికినా వెతికి తీయాలని ప్రభుత్వం అనుకోవడంలో తప్పు పట్టవలసింది లేదు. వెతికే తీరు గురించే ఈ చర్చ.

చట్టం మారిన సంగతి

2023 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం 30 ఖనిజాలను కీలకమైనవిగా ప్రకటించింది. అందులో టంగ్‌స్టన్ ఉంది. అదే సంవత్సరం ఆగస్టులో గనుల చట్టాన్ని సవరించి, వాటిలో 24 ఖనిజాల వేలాన్ని రాష్ట్రాల చేతినుంచి తీసుకుని తానే నిర్వహించే అధికారం పొందింది. వచ్చే రాబడి రాష్ట్రానికే అయినా, ఏ కొండను ఎప్పుడు వేలం వేయాలో నిర్ణయించేది ఢిల్లీ. అటు తర్వాత 2025 సెప్టెంబరు 8న కేంద్ర పర్యావరణ శాఖ మరొక ఉత్తర్వు ఇచ్చింది. దేశ రక్షణ అవసరాల దృష్ట్యా అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదని దాని సారాంశం.

ఈ ఒక్క ఉత్తర్వు అర్థం ఏమిటో గ్రామాల వారు నిదానంగా ఆలోచించాలి. ఒక పెద్ద గ్రానైట్ క్వారీ పెట్టాలన్నా, బంగారు గని తెరవాలన్నా కలెక్టరుగారి సమక్షంలోనో, ఆయన తరఫు అధికారి సమక్షంలోనో షామియానా వేసి, మైకు పెట్టి, ఊరివారి మాట వినాలనే ఏర్పాటు ఒకటి ఉండేది. ఆ సభలు చాలాచోట్ల మొక్కుబడిగా సాగాయన్న మాట నిజమే. అయినా చెప్పదలచినవాడు లేచి నిలబడి చెప్పడానికి ఒక రోజు, ఒక చోటు ఉండేవి. చెప్పినది రాసుకునే గుమాస్తా ఉండేవాడు. టంగ్‌స్టన్ గనికైతే ఇక ఆ రోజు రాదు. గని వరకు వచ్చాక అడిగే అవకాశం లేనప్పుడు, అన్వేషణ దశలోనే ఊరు అడగాలి. అడగాలంటే ముందు తెలియాలి.

తెలియకపోతే ఏమవుతుందో పొరుగున ఉన్న తమిళనాడు చూపింది. మదురై జిల్లా మేలూరు ప్రాంతంలో 2,015 హెక్టార్ల పైచిలుకు విస్తీర్ణం గల నాయక్కర్‌పట్టి టంగ్‌స్టన్ బ్లాకును కేంద్రం వేలం వేసింది. 2024 నవంబరులో హిందుస్తాన్ జింక్ సంస్థ పాట దక్కించుకున్నట్లు ప్రకటన వెలువడింది. ఆ బ్లాకులో కొంత భాగం అరిట్టాపట్టి. రాతిగుట్టలు, పాత గుహాలయాలు, కుంటలు, ఊటలు గల ఆ చోటును 2022లోనే తమిళనాడు ప్రభుత్వం జీవ వైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. ప్రకటన వచ్చాకనే ఊళ్లు మేలుకున్నాయి. గ్రామసభలు తీర్మానాలు చేశాయి. డిసెంబరులో శాసనసభ తీర్మానం చేసింది. 2025 జనవరి 7న రైతులు మేలూరునుంచి మదురై దాకా నడిచారు. జనవరి 23న కేంద్రం ఆ వేలాన్ని రద్దు చేసింది.

గెలిచారు కదా అని సంతోషించవచ్చు. కాని ఎవరు ఏం గెలిచారు? భూగర్భ శాస్త్రజ్ఞుల ఏళ్ల తరబడి శ్రమ వృథా అయింది. పాటకు వచ్చిన సంస్థ పని పోయింది. రైతులు పంట పనులు వదిలి రోడ్ల మీద తిరిగారు. మొదటి రాయి కొట్టిన నాడే ఊరికి చెప్పి, ఏ గుట్ట జోలికి పోకూడదో, ఏ చెరువు ముంపులో ఏముందో అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేదా? ఆ విడత ఫలితాలలోనే ఆంధ్రప్రదేశ్‌లోని బాలేపాళ్యం టంగ్‌స్టన్ బ్లాకు పేరు కూడా ఉంది. సుమారు 308 హెక్టార్ల ఆ బ్లాకు పాట కూడా అదే హిందుస్తాన్ జింక్‌కు దక్కింది. అంటే ఇది పొరుగు రాష్ట్రం గొడవ అని చూసి ఊరుకునే విషయం కాదు.

నల్లరాతి పట్టీ కథ

కుప్పం వారికి దీనితో ఏమి సంబంధమని అడిగేవారు ఒకసారి గుడుపల్లె దాటి మల్లప్పకొండ వైపు నడిచి చూడాలి. కుప్పం చుట్టూ కనిపించే తెల్లటి, బూడిదరంగు బండల మధ్య అక్కడ నేల రంగు మారుతుంది. రాయి నల్లబడుతుంది. పలకలుగా చీలుతుంది. ఇది కోలారు పట్టీ. ఉత్తర దక్షిణాలుగా సుమారు 80 కిలోమీటర్లు సాగే ఈ పట్టీ వెడల్పు చాలాచోట్ల నాలుగైదు కిలోమీటర్లకు మించదు. కర్ణాటకలోని కోలారు బంగారు గనులు దాని నడుమ ఉన్నాయి. దక్షిణపు తోక కుప్పం ప్రాంతం గుండా తమిళనాడు సరిహద్దు దాటుతుంది. మూడు రాష్ట్రాల హద్దురాళ్లు మనుషులు పాతినవి. రాతికి వాటితో పనిలేదు.

ఈ నల్లరాయి సుమారు 270 కోట్ల సంవత్సరాల క్రిందట సముద్రం అడుగున పారి గడ్డకట్టిన లావా. తర్వాత భూమి ఒత్తిడికి, వేడికి నలిగి మారిపోయింది. పక్కల నుంచి గ్రానైట్ శిలాద్రవం పైకి తోసుకువచ్చింది. ఆ ద్రవం చల్లారి గట్టిపడేటప్పుడు అన్నం వార్చినాక మిగిలిన గంజిలాగా ఒక వేడినీటి ద్రవం మిగులుతుంది. రాతిలో ఇముడని మూలకాలన్నీ ఆ ద్రవంలో చేరతాయి. బంగారం చేరుతుంది, టంగ్‌స్టన్ చేరుతుంది. అది రాతి చీలికల వెంట పాకి, చల్లారిన చోట పలుగురాయిగా పేరుకుంటుంది. నల్లరాతిలో సున్నపు అంశం ఎక్కువ. టంగ్‌స్టన్ ఆ సున్నంతో కలిస్తే షీలైట్ అనే ఖనిజం పుడుతుంది. 1781లో ఇందులో కొత్త పదార్థం ఉన్నదని కనిపెట్టిన స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు షీలే పేరే దానికి పెట్టారు. రెండేళ్ల తర్వాత 1783లో స్పెయిన్ దేశపు సోదరులు ఇద్దరు లోహాన్ని వేరు చేశారు.

కోలారు గనులలో బంగారంతో పాటు షీలైట్ ఉన్న సంగతి భూగర్భ శాస్త్రజ్ఞులకు ఏనాటినుంచో తెలుసు. దేశంలో లెక్కకు వచ్చిన టంగ్‌స్టన్ నిక్షేపాలలో 42 శాతం కర్ణాటకలో, 27 శాతం రాజస్థాన్‌లో, 17 శాతం ఆంధ్రప్రదేశ్‌లో, 9 శాతం మహారాష్ట్రలో ఉన్నాయని భారత గనుల బ్యూరో ప్రచురించిన వివరం. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి గోదావరి జిల్లాల్లోని బూరుగుబండ, తపసికొండ ప్రాంతాల పేర్లు పుస్తకాలలో కనిపిస్తాయి. కుప్పం వైపు కీర్తి మాత్రం బంగారానిదే. మల్లప్పకొండ వద్ద ఇనుపరాతి పట్టీలలోనూ, చిగురుగుంట వద్ద పలుగురాతి ఈనెలలోనూ బంగారాన్ని గుర్తించారు. ఒకే పట్టీలో ఒక చోట బంగారంతో పాటు టంగ్‌స్టన్ కనిపించినప్పుడు పట్టీ పొడవునా వెతకడం శాస్త్రానికి సహజం. అందుచేత వెతికేవారు ఈ వైపు ఎన్నడూ రారని అనుకోవడానికి వీల్లేదు.

రాత్రిపూట దీపాలు

వెతకడం ఎలా జరుగుతుందో ఊరివారు తెలుసుకుంటే సగం అనుమానాలు తీరతాయి. మొదట వచ్చేవారు యంత్రాలతో రారు. భుజాన సంచి, చేతిలో సుత్తి, దిక్సూచి, మడతపెట్టిన పటం, ఇంతే. వంకల్లో ఇసుక తీసి, ఆడవారు బియ్యం గాలించినట్లే పళ్లెంలో నీళ్లు పోసి గాలిస్తారు. తేలిక ఇసుక నీటితో పోతుంది. బరువు రేణువులు అడుగున నిలుస్తాయి. పలుగురాయి నీటికంటే రెండున్నర రెట్లకు కొద్దిగా పైన బరువు ఉంటుంది. షీలైట్ ఆరు రెట్లు. ఏ వంకలో ఆ బరువు రేణువులు కనిపిస్తే, ఆ వంక పైకి నడుచుకుంటూ పోతారు. రెండు వంకలు కలిసే చోట ఏ పాయలో ఉన్నదో చూసి ఆ పాయ పట్టుకుంటారు. చివరకు కొండ పాదానికో, పక్కకో చేరతారు. ఇందులో మాయ ఏమీ లేదు, ఓపిక తప్ప.

షీలైట్‌కు ఒక వింత గుణం ఉంది. పగటి వెలుతురులో దాన్ని మామూలు తెల్లరాతినుంచి వేరు పట్టడం కష్టం. కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలిచ్చే దీపాన్ని చీకట్లో దాని మీద వేస్తే ఆకాశపు నీలంగా మెరుస్తుంది. అందుచేత షీలైట్ వెతికేవారు రాత్రిళ్లు కొండెక్కుతారు. ఇక్కడే చిక్కు వస్తుంది. చిత్తూరు జిల్లాలో రాత్రివేళ గుట్ట మీద దీపం కనిపిస్తే జనం అనుకునేది ఒక్కటే, గుప్తనిధుల దొంగలని. గుడి కొండల మీద తవ్వకాలు చేసి పట్టుబడిన ముఠాల వార్తలు తరచుగా చదివే జనం అలా అనుకోవడంలో వింత లేదు. ముందురోజు పంచాయతీ ఆఫీసులో ఒక మాట చెప్పి, దండోరా వేయించి వెళితే శాస్త్రజ్ఞులకూ క్షేమం, ఊరికీ నెమ్మది. దీనికి ఖర్చు ఎంత?

ఆ తర్వాత కందకాలు తీస్తారు. ఫలితం బాగుంటే బోరు యంత్రం వస్తుంది. ఇది నీటి బోరు బండి వంటిది కాదు. వజ్రపు రవ్వలు పొదిగిన గొట్టం గుండ్రంగా తిరుగుతూ రాతిని పిండి చేయకుండా మణికట్టంత లావు కడ్డీగా కోసి పైకి తెస్తుంది. ఆ కడ్డీలను వరుసగా పెట్టెల్లో పేర్చి, అడుగు అడుగుకూ గుర్తులు వేసి, ప్రయోగశాలకు పంపుతారు. ఏ లోతులో ఎంత లోహమున్నదో లెక్క కట్టేది వాటినుంచే. 1851లో మొదలైన భారత భూగర్భ సర్వే సంస్థ ఈ పని దేశమంతటా చేస్తూనే ఉన్నది. దాని దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాదులో ఉంది. వారి నివేదికలు గోప్యం కూడా కావు. 2023 డిసెంబరులో ప్రారంభమైన జాతీయ భూవిజ్ఞాన సమాచార భాండాగారంలో కంప్యూటరు ఉన్న ఎవరైనా చూడవచ్చు. వచ్చిన చిక్కల్లా అది ఇంగ్లీషులో, శాస్త్రజ్ఞుల భాషలో ఉండటమే. సంస్థలవారు చదువుకుంటారు. భూముల బేరగాళ్లు చదివించుకుంటారు. సర్వే నెంబరు గల రైతుకే అది అందదు.

ముందే చెబితే బేరగాళ్లు దిగి భూములు కాజేస్తారనీ, లేనిపోని భయాలు పుడతాయనీ ఒక వాదం వినిపిస్తుంది. ఈ వాదంలో కొంత సత్యం లేకపోలేదు. కాని బేరగాడికి తెలిసి, రైతుకు తెలియని చోటనే భూమి చవకగా చేతులు మారుతుంది. ఇద్దరికీ ఒకేసారి తెలిస్తే బేరం అంత సులువుగా తెగదు. ఇక భయాల సంగతికి వస్తే, గుట్ట మీద రాత్రి దీపం చూసి పుట్టే భయంకన్నా, సభలో అధికారి నోట విన్న మాట పుట్టించే భయం తక్కువే.

టన్నుకు కిలోన్నర, మిగిలినది దిబ్బ

ఇల్లు అలకగానే పండగ కాదని సామెత. ఖనిజం కనిపించగానే గని కాదు. 2015 ఏప్రిల్ నాటి జాతీయ లెక్కల ప్రకారం దేశంలో టంగ్‌స్టన్ ఉన్న రాయి సుమారు 8 కోట్ల 74 లక్షల టన్నులు. దానిలో ఉన్న టంగ్‌స్టన్ ఆక్సైడు 1 లక్ష 42 వేల టన్నులు. భాగహారం చేసి చూస్తే టన్ను రాతికి కిలోన్నర కాస్త పైన. అంటే ఒక ట్రాక్టరు ట్రాలీలో పట్టే నాలుగు టన్నుల రాయి పిండి చేస్తే ఆరేడు కిలోల సరుకు. ఇంత పలుచని ఖనిజం తీయడం లాభమా నష్టమా అనేది ధరను బట్టి ఉంటుంది. రాజస్థాన్‌లోని దేగానా గని మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అవసరానికి ఆదుకున్నది. తర్వాత చైనా చవక సరుకు ముందు నిలవలేక గత శతాబ్దం చివరికల్లా మూతపడింది. అందువల్ల అన్వేషణ బృందం వచ్చిందని తెలియగానే ఉద్యోగాల ఆశ పెట్టే నాయకులనూ, ఊరు నాశనమని ఊదరగొట్టేవారినీ ఒకే దూరంలో ఉంచడం మంచిది.

ఊరికి నిజంగా సంబంధించిన లెక్క ఇంకొకటి ఉంది. టన్నులో కిలోన్నర పోగా మిగిలిన 998 కిలోల పిండి ఎక్కడ పోస్తారు? దీనికి జవాబు వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. మారికుప్పం రైలెక్కి కోలారు గనుల దగ్గర దిగితే కనిపించే బూడిద రంగు దిబ్బలే జవాబు. 120 ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం తీసిన గనులవి. 1902లోనే శివసముద్రం నుంచి కరెంటు తీగలు లాగించుకున్నాయి. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగాయి. వెళ్లిపోతూ మిగిల్చినది సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల రాతిపిండి. బంగారం తీయడానికి సైనైడు కలిపిన పిండి అది. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్లమీద పడుతుందని అక్కడివారు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు.

ఈ దిబ్బల విషయంలో ఒక సూచన చేయవలసి ఉంది. కొత్త కొండ తవ్వే ముందు పాత దిబ్బను చూడరాదా? తవ్వే ఖర్చు, పిండి చేసే ఖర్చు ఎన్నడో అయిపోయింది. షీలైట్ బంగారం తీసిన తర్వాత కూడా పిండిలో నిలుస్తుంది. మిగిలిన బంగారం కోసం ఆ 13 దిబ్బలను వేలం వేసే కేంద్ర ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం అంగీకారం తెలిపింది. ఆ పనిలో టంగ్‌స్టన్‌ను కూడా వేరు చేసి, మిగిలిన దుమ్మును పచ్చగడ్డి వేసి కప్పిపెట్టే షరతు ఉంటే దేశానికి లోహం వస్తుంది, ఊళ్లకు దుమ్ము పోతుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడంకన్నా ఇది నయం.

నీటి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. రాతిని పిండి చేసి గాలించడానికి నీరు కావాలి. పాలారు ఎండిన ఇసుకగా మిగిలిన ఈ ప్రాంతానికి ఎన్నో ఏళ్ల ఎదురుచూపు తర్వాత 2025 ఆగస్టులో హంద్రీ-నీవా నీరు చేరింది. ఆ నీటిలో గనికి వాటా ఎంత, చెరువుకు వాటా ఎంత అనే ప్రశ్న గని తెరిచాక కాదు, లైసెన్సు కాగితం మీద సంతకం పడకముందే తేలాలి.

చిగురుగుంట నేర్పిన పాఠం

బంగారు గని పేరు చెబితే చిగురుగుంట పరిసరాలలో రెండు రకాల జ్ఞాపకాలు వినిపిస్తాయి. 1972లో ఏర్పడిన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఇక్కడ గనులు నడిపిన రోజులలో జీతాలు వచ్చాయి, కొట్లు వెలిశాయి, పిల్లలు చదువుకున్నారు. 2001లో కోలారు గనులతో పాటే ఇవీ మూతపడ్డాయి. ఫిబ్రవరి 28న కోలారులో ఆఖరి పాళీ అయిపోయింది. ఆ తర్వాత ఈ ఊళ్ల యువకులకు తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కడం తప్ప మార్గం లేకపోయింది. బిసానత్తం స్టేషనులో ఉదయం నిలబడి చూస్తే ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. గనికి భూమి ఇచ్చినవాడికీ, గనిలో ఆరోగ్యం ఇచ్చినవాడికీ గని మూసేనాడు ఏమి చెప్పాలన్నది తెరిచేనాడే రాసుకోలేదు.

ఇప్పుడు చిగురుగుంట, బిసానత్తం బ్లాకు వేలంలో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థకు దక్కింది. 18 లక్షల టన్నుల పైచిలుకు రాయి, టన్నుకు 5 గ్రాములకు కొంచెం పైన బంగారం ఉన్నట్లు ఆ సంస్థ 2023లో తెలిపింది. ప్రభుత్వరంగ సంస్థ కనుక మంచి మాదిరి చూపవలసిన బాధ్యత దానిమీద ఎక్కువ.

చట్టంలో రైతుకు కొన్ని హక్కులున్నాయి. తెలిస్తే పనికొస్తాయి. 1957 నాటి గనుల చట్టం 24ఎ సెక్షను ప్రకారం అన్వేషణకు వచ్చినవారు ఇంటిలోకి గాని, ఇంటిని ఆనుకున్న దొడ్డిలోకి, తోటలోకి గాని కాలు పెట్టాలంటే ఏడు రోజుల ముందు రాతపూర్వకంగా తెలపాలి. పనివల్ల భూమికి కలిగిన నష్టానికి పరిహారం చెల్లించాలి. 2015లో వచ్చిన జిల్లా ఖనిజ నిధి కింద వేలంలో పొందిన గని రాయల్టీలో పదో వంతు గని ప్రభావిత ఊళ్ల కోసం జమ కావాలి. అయితే ఇది ఖనిజం అమ్మకానికి వెళ్లినప్పటి మాట. అన్వేషణ జరిగినన్నాళ్లు ఈ నిధికి పైసా రాదు. ఆ రోజులలో పంట తొక్కుడు పడినా, బోరు నీళ్లు బురదగా మారినా రైతు చేతిలో ఉండేది 24ఎ సెక్షను ఒక్కటే. ఆ సెక్షను తెలుగులో ఎన్ని పంచాయతీ ఆఫీసుల గోడలమీద అంటించారో అధికారులే చూసి చెప్పాలి.

చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. ఏ ఖనిజం కోసమైనా బృందం రాకముందు గ్రామసభలో చెప్పాలి. వెళ్లిపోయాక, ప్రయోగశాల ఫలితం వచ్చిన తర్వాత మళ్లీ వచ్చి చెప్పాలి. ఏమీ దొరకలేదన్నా అదీ చెప్పాలి, ఎందుకంటే దొరకలేదన్న మాట విననంత కాలం పొలానికి పెట్టుబడి పెట్టాలా వద్దా అని రైతు తేల్చుకోలేడు. తీసిన ప్రతి బోరు గొయ్యిని సిమెంటుతో పూడ్చి, సర్వే నెంబరుతో సహా పంచాయతీకి జాబితా ఇవ్వాలి. తెరిచి వదిలిన గొయ్యి గుండా పైనీటి మురికి లోనీటిలో కలుస్తుంది. ఆ లోనీరే ఊరి తాగునీరు.

ఈ సరిహద్దు ఊళ్లలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఇంటి భాషలే. మూడు భాషల్లోనూ రాయగలవారు కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయంలో ఉన్నారు. భూగర్భ సర్వే సంస్థ నివేదికను నాలుగు పేజీల కరపత్రంగా, పటంతో సహా మూడు భాషల్లో అచ్చు వేయడం జిల్లా యంత్రాంగానికి ఒక నెల పని. చౌకడిపోలోనూ, పాల కేంద్రం గోడమీదా అంటిస్తే చాలు. గుడుపల్లె మండలంతో దీన్ని మొదలుపెట్టి, ఈ వేసవి గ్రామసభలకల్లా ఊళ్లకు చేర్చవలసిందిగా జిల్లా కలెక్టరును, గనుల శాఖ అధికారులను ఈ ప్రాంత ప్రజలు కోరవలసి ఉంది.